అంకె లేని వరుస

సోమవారం

బాబాయ్,

ముందు కూర్చో. నర్సరీ నుంచి అప్పుడే వచ్చి, చేతుల మట్టి కూడా కడుక్కోకుండా కవరు చించి ఉంటావని నాకు తెలుసు. చేతులు కడుక్కో, కళ్లజోడు తుడుచుకో, ఆ తర్వాత తీరిగ్గా చదువు. ఫోన్లో చెబుదామంటే "ఆ... సరే... ఒంట్లో బాగుందా" అని తప్ప నువ్వు నాలుగో మాట మాట్లాడవు. నాకేమో చెప్పకపోతే కడుపు పగిలిపోయేలా ఉంది. అందుకే ఈ ఉత్తరం.

ఇవాళ నేను ఒక ఫైల్ తెరిచాను!

గుమస్తా ఉద్యోగానికి ఫైళ్లు తెరవడం కూడా ఒక గొప్పేనా అని నవ్వకు. ఇది అట్ట ఫైల్ కాదు. కంప్యూటర్‌కు నా చేత్తో మూడంటే మూడు వరుసల ఆజ్ఞ రాసిచ్చాను. అది వెళ్లి, ఇరవై ఏడేళ్ల నాటి ఫైల్ తలుపు తీసి, అందులో ఉన్నదంతా వరుస తర్వాత వరుస చదివి, తెర మీద పరిచింది. నా మాట విన్నది బాబాయ్! ఇంట్లో పిల్లి కూడా వినని నా మాట!

నేర్పింది మా ఇంజనీరమ్మ. ఆవిడకు ఏడో నెల. ఆరు వారాల్లో సెలవు మీద వెళ్తుంది. వెళ్లేలోగా పాత ఫైళ్లు ఇరవై ఏడింటిని చదివి, లెక్కలు తీసే పని ఎవరికో ఒకరికి అప్పగించాలి. ఆఫీసులో అందరూ తలలు దించుకున్నారు. నేను దించుకోవడం ఆలస్యమైంది, దొరికిపోయాను.

"నాకు లెక్కలు రావు మేడమ్. లెక్కల్లో తప్పినదాన్ని" అన్నాను.

"లెక్కలు మిమ్మల్నెవరు చెయ్యమన్నారక్కా? అవి అదే చేసుకుంటుంది. ఏం చదవాలో, ఎక్కడ ఆగాలో మీరు చెప్పండి చాలు" అంది.

దాని పేరు పైథాన్ అట. కొండచిలువ! పేరు వినగానే చెమటలు పట్టాయి. తీరా చూస్తే పాపం సాధువు. తెరువు అంటే తెరుస్తుంది, చదువు అంటే చదువుతుంది. అయితే మా ఇంజనీరమ్మ మొదటిరోజే ఒక నియమం పెట్టింది. తెరిచిన ఫైల్‌ను మూయాలి. మరిచిపోయేవాళ్ల కోసం, పని కాగానే దానంతటదే మూసుకునేలా రాసే పద్ధతి కూడా ఉంది. నాకు ఆ పద్ధతే నేర్పింది. నా మొహం చూడగానే మతిమరుపు మనిషినని తెలిసిపోయినట్టుంది.

తెర మీద ప్రతి వరుస తర్వాతా ఒక ఖాళీ వరుస వచ్చింది. గౌరవంగా ఎడం వదులుతోంది కాబోలు అనుకున్నాను. కాదట! ఫైల్‌లో ప్రతి వరుస చివరా కంటికి కనపడని గుర్తు ఒకటి ఉంటుంది, ఇక్కడితో వరుస అయిపోయింది అని. దాన్ని కత్తిరించి చూపించమనాలి. కనపడని దాన్ని కత్తిరించడం! ఆ ఒక్క ముక్క తెలిసినందుకే మధ్యాహ్నమంతా కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాను.

ఇక అసలు సంగతి. ఇది రాయడానికే ఇంతసేపు డొంకతిరుగుడుగా తిరిగాను. ఆ ఫైళ్లలో ఉన్నవి నది నీటిమట్టాలు, బాబాయ్. పొద్దున ఎనిమిదింటికి ఒక వరుస, సాయంత్రం నాలుగింటికి ఒక వరుస. మొదటి పదకొండేళ్లూ నువ్వు రాసినవే. నేను "ఏదో ఆఫీసులో" చేరానని చెప్పాను కదా, ఆ ఆఫీసు ఇదే. నిన్ను పంపించేసిన ఆఫీసు. చేరి ఎనిమిది నెలలైంది. ఖాళీ పడిందని కాగితంలో చూసి, ఎందుకు దరఖాస్తు పెట్టానో నాకే తెలియకుండా పెట్టాను. నీకు చెప్పే ధైర్యం రాలేదు. ఇవాళ నీ వరుసలు నా చేత్తో తెరిచాక, ఇంక దాచడం నా వల్ల కాలేదు.

కోపం వస్తే తిట్టు. పిన్నికి మాత్రం చూపించకు. ఆ ఆఫీసు ఊసెత్తితేనే లేచి వంటగదిలోకి వెళ్లిపోతుంది కదా.

నీ పిచ్చిక


బుధవారం

బాబాయ్,

నీ కార్డు అందింది. "సరే. గొడుగు తీసుకెళ్తూ ఉండు" అని రాశావు. ఎనిమిది నెలల అబద్ధానికి ఇదా శిక్ష! కార్డు పట్టుకుని ఏడ్చాను, తర్వాత నవ్వాను. గొడుగు తీసుకెళ్తున్నాను.

ఈ వారంలో ఒక హత్య చేశాను, ఒక ప్రాణం నిలబెట్టాను. హత్య ముందు చెబుతాను.

ఫైల్‌ను చదవడానికి తెరుస్తున్నామా, రాయడానికి తెరుస్తున్నామా అన్నది ఒకే ఒక్క అక్షరంతో చెప్పాలి. చదవడానికి ఆర్. రాయడానికి డబ్ల్యూ. నేను హుషారులో డబ్ల్యూ కొట్టాను. కొండచిలువ కిమ్మనలేదు. తెర మీద ఏమీ రాలేదు. ఏమిటా అని ఫైల్ వైపు చూస్తే, సున్నా! ఏడాది పొడుగునా నువ్వు ఎండనకా వాననకా దిగి చూసి రాసిన ఏడువందల ముప్పై వరుసలు, ఊదేస్తే ఆరిన దీపంలా పోయాయి. రాయడానికి తెరిస్తే ముందు పలక తుడిచేస్తుందట అది. ఇంజనీరమ్మ దగ్గరికి పరుగున వెళ్లి నిలబడ్డాను.

"డబ్ల్యూ కొట్టారా?" అంది, తల కూడా తిప్పకుండా.

తల ఊపాను.

"నేనూ కొట్టాను, చేరిన కొత్తలో. అందుకే మీకిచ్చినవన్నీ నకళ్లు. అసలువి నా బీరువాలో ఉన్నాయి." అప్పుడు తిరిగి నా మొహం చూసి, "అయ్యో, కూర్చోండక్కా. ఇక్కడ గర్భిణిని నేను, మంచినీళ్లు మీకివ్వాల్సి వస్తోంది" అంది.

ఇక ప్రాణం సంగతి. ప్రతి వరుసలో తేదీ, గంట, నీటిమట్టం, ఆ తర్వాత రిమార్కు గడి ఉన్నాయి. నువ్వు రాసిన ఏళ్లలో ఆ గడి నిండా పిచ్చి గుర్తులు. చుక్కలు, కొక్కేలు, ఆశ్చర్యార్థకాలు, తలకిందుల ప్రశ్నార్థకాలు. యంత్రం పాడై చెత్త చేరిందని ఇన్నేళ్లూ అందరూ అనుకున్నారు. నాకెందుకో అలా అనిపించలేదు. చెత్త అయితే అన్ని ఏళ్లలోనూ ఉండాలి కదా? నీ తర్వాత వచ్చినాయన ఏళ్లలో ఆ గడి శుభ్రంగా, ఖాళీగా ఉంది. నీ వరుసల్లోనే ఎందుకు చెత్త?

ఇంజనీరమ్మను అడిగితే, పెన్ను కింద పెట్టేసింది. "కంప్యూటర్‌కు అక్షరాలు తెలియవక్కా. దానికి తెలిసినవి అంకెలే. ఏ అంకెకు ఏ అక్షరమో ఒక పట్టిక ఉంటుంది. పాత యంత్రాల పట్టిక వేరు, ఇప్పటి పట్టిక వేరు. వేరే పట్టికతో తెరిస్తే ఇలాగే కనపడుతుంది. బహుశా ఆయన మన భాషలో ఏదో రాశారు."

ఆ పాత పట్టిక కోసం వెతకని చోటు లేదు. పుస్తకాల్లో లేదు, ఎవరికీ గుర్తు లేదు. చివరికి స్టోరు గదిలో, విరిగిన కుర్చీల వెనకాల, నువ్వు వాడిన కీబోర్డే దొరికింది. బోర్లా తిప్పితే అడుగున అంటించిన కాగితం! దుమ్ము తుడిచి, రెండు రోజులు కూర్చుని ఆ పట్టికంతా కంప్యూటర్‌కు అప్పజెప్పాను. నిన్న మధ్యాహ్నం మళ్లీ తెరిచాను. ఈసారి ఆర్. మూడుసార్లు సరిచూసుకుని, ఆర్.

బాబాయ్, నువ్వు మాట్లాడావు!

"3.10. నీళ్లు ఎర్రగా ఉన్నాయి. పైన ఎక్కడో వాన."

"2.85. తాబేలు ఒకటి రేవులో నాలుగో మెట్టు మీద ఎండ కాచుకుంటోంది. అదిలించలేదు."

"3.40. పిచ్చికకు సైకిల్ వచ్చేసింది. మోకాలు చెక్కుకుపోయింది. ఏడవలేదు."

"3.35. ఏడ్చింది. పొద్దున ఆపుకుందట."

ప్రభుత్వం వారి నీటిమట్టాల ఫైల్‌లో నా మోకాలు! ఇంజనీరమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత మేమిద్దరం పని మానేసి, సాయంత్రం దాకా వంతులు వేసుకుని చదివాం. పిన్ని జ్వరం, కొత్త పడవ, నా పళ్లు ఊడటం, పొగమంచులో నదిలోని కొలబద్ద మీద అంకె కనపడక మెడలోతు నీళ్లలో దిగి చూసిన పొద్దు. ఫోన్లో నాలుగు మాటలు మాట్లాడని మనిషివి, పదకొండేళ్లు రోజుకు రెండుసార్లు, ఎవరూ చదవని గడిలో ఇంతా చెప్పుకున్నావా?

నాకిప్పుడు ఆఫీసుకు వెళ్లడం అంటే పెళ్లికి వెళ్లినట్టుంది.

నీ పిచ్చిక


శుక్రవారం

బాబాయ్,

గబగబా రాస్తున్నాను, అక్షరాలు కొక్కిరిబిక్కిరిగా ఉంటే సర్దుకుని చదువు.

మా పెద్దసారుకు కావాల్సింది ఒకటే. ఈ ఇరవై ఏడేళ్లలో నది ఎక్కువలో ఎక్కువ ఎంత ఎత్తుకు వచ్చిందో చెప్పాలి. దాన్నిబట్టి కింది వీధి ముందు కరకట్ట కడతారు. ఇప్పటిదాకా వాడుతున్న ప్రోగ్రాం ప్రకారం పెద్ద అంకె 7.85. అందుకని ఎనిమిదిన్నర మీటర్ల కట్ట చాలని కాగితం తయారైంది. ఆ ప్రోగ్రాం ఎవరు రాశారో ఎవరికీ తెలియదు, వాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు. ఇంజనీరమ్మ దాన్ని తెరిచి, ఎలా చదువుతుందో నాకు వివరిస్తూ ఒక వరుస దగ్గర ఆగింది. "నీటిమట్టం గడిలో అంకె లేకపోతే, ఆ వరుస వదిలేసి ముందుకు పో" అని ఉంది అక్కడ.

"వదిలేసినట్టు ఎవరికైనా చెబుతుందా?" అని అడిగాను.

"చెప్పదు. చప్పుడు చెయ్యకుండా దాటేస్తుంది."

నాకు ఒళ్లు మండింది. చూసి, చదవలేక, చెప్పకుండా దాటెయ్యడమేమిటి? నా ప్రోగ్రాంలో అదే చోట తిరగరాశాను. అంకె లేని వరుస వస్తే దాటకు, నాకు చూపించు అన్నాను. ఇరవై ఏడేళ్ల మీద వదిలాను. దాదాపు ఇరవై వేల వరుసలు. నేను ఊపిరి పీల్చి వదిలేలోపు చదివేసింది. పద్నాలుగు వరుసలు బయటికి తీసింది. పదమూడింట్లో "కొలబద్దకు రంగు వేస్తున్నారు" లాంటివి. పద్నాలుగోది, వరద వచ్చిన ఆ రోజుది. సాయంత్రం నాలుగు.

"కొలబద్ద మునిగిపోయింది. అంకె ఏం వెయ్యాలో తెలియడం లేదు. కింది వీధి వాళ్లను పైకి రమ్మనండి. తొందరగా."

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఇంకోసారి చదివాను. ఇంజనీరమ్మ లేచి వచ్చి నా భుజం పట్టుకుంది.

ఆ సాయంత్రపు కొలత అసలు తీయనే లేదని కదా విచారణలో తేల్చారు! కాగితం మీద ఖాళీ చూపించి, "కొలబద్ద వదిలి పోయాడు" అని రాశారు కదా. ఎనిమిది మీటర్లు దాటిన అంకె అందితే సైరన్ దానంతటదే మోగాలి. మోగలేదు. కింది వీధి నిద్రపోతున్న పిల్లిలా ఉండగా నీళ్లు మీద పడ్డాయి. నలభై ఇళ్లు. దర్జీ ఇంటి గోడ కూలి ఆయన కాలు నలిగిపోయింది. నువ్వు ఒక్క మాట అనలేదు. తల వంచుకుని సంతకం పెట్టావు.

ఇన్నేళ్లూ నేను లోపల దాచుకున్నది ఇప్పుడు చెబుతాను. ఆ రోజు నువ్వు కొలబద్ద వదిలింది నా కోసం. లెక్కల్లో తప్పానని హాస్టల్ గదికి గడియ పెట్టుకుని, బాబాయి వస్తే తప్ప తియ్యనన్నాను. వార్డెన్ నీకు ఫోన్ చేసింది. ఆరింటికి నువ్వు తడిసి ముద్దయి వచ్చి, తలుపు బయట నేల మీద కూర్చుని, "తప్పింది పరీక్షే కదే, దారి కాదు కదా" అన్నావు. తలుపు తీశాను. తెల్లారి ఇంటికి వస్తే వీధి లేదు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నన్ను తినేసింది. దర్జీ కుంటుతూ ఎదురొస్తే పక్క సందులోకి తిరిగిపోయేదాన్ని. పదహారేళ్లుగా నా లెక్క ఒకటే: నలభై ఇళ్లు, ఒక కాలు, నీ ఉద్యోగం, అన్నీ నా గడియ మూలాన.

ఇప్పుడు లెక్క మారిపోయింది! నాలుగింటికి నువ్వు కొలత చూశావు. వార్త పంపావు. అప్పుడు బయలుదేరితే రెండు గంటల బస్సు, ఆరింటికి నా దగ్గర. సరిగ్గా సరిపోయింది! నువ్వు నీ పని చేసే వచ్చావు. అర్థం చేసుకోనిది యంత్రం.

ఉండబట్టలేక ఆఫీసు నుంచి సరాసరి దర్జీ కొట్టుకు వెళ్లాను. జీవితంలో మొదటిసారి ఆయన కళ్లలోకి చూశాను. కాగితం చేతికిచ్చాను. మిషను ఆపి, పెదాలు కదుపుతూ చదువుకున్నాడు.

"ఇది అప్పుడే రాసిందా?"

"అప్పుడే. నాలుగింటికి."

"మమ్మల్ని రమ్మని?"

"అవునండీ."

"పదహారేళ్లు తిట్టుకున్నానమ్మా మీ బాబాయిని. పొద్దున్నే లేచి కాలు నేల మీద పెట్టగానే మొదటి తిట్టు ఆయనకే" అన్నాడు. మెడలో టేపు తీసి చేతికి చుట్టుకుంటూ, "ఆయన కొలతలు పంపమను. చొక్కా కుట్టాలి" అన్నాడు.

నేను రోడ్డు మీద పరుగెత్తాను బాబాయ్. ముప్పై ఆరేళ్లదాన్ని, చేతిసంచీ ఊపుకుంటూ, చిన్నపిల్లలా పరుగెత్తాను.

నీ పిచ్చిక


ఆదివారం

బాబాయ్,

తొమ్మిది రోజులైంది. నీ కార్డు రాలేదు. సంతోషం ఎక్కువై మాట రావడం లేదా? ఫోన్ చేస్తే పిన్ని ఎత్తి "బాగానే ఉన్నారు" అని పెట్టేసింది. దాన్నిబట్టి నువ్వింకా ఆవిడకు ఏమీ చెప్పలేదని తెలిసిపోయింది.

ఇక్కడ యుద్ధం జరుగుతోంది. వరుస తీసుకెళ్లి పెద్దసారు ముందు పెట్టాను. చదివి, "నిజమే కావచ్చు. కానీ అంకె లేకపోతే లెక్కలోకి రాదమ్మా" అన్నాడు.

"సార్, తొమ్మిది మీటర్ల కొలబద్ద మునిగిందంటే అంకె లేకపోవడమే లెక్క కదా!" అన్నాను. నేనే అన్నాను! ఇంజనీరమ్మ వెనక నుంచి నా చీర కొంగు లాగింది, ఆపమనో, ఇంకా అనమనో తెలియలేదు.

సారు చెడ్డవాడు కాదు. "తొమ్మిది పైన అంటే ఎంత? తొమ్మిదిన్నరా? పదకొండా? కట్ట కట్టేవాడికి నేనేం చెప్పను? గురువారం సమావేశం. రాసిన మనిషి స్వయంగా వచ్చి, ఏం చూశారో చెబితే, కమిటీ వింటుంది. లేకపోతే ఎనిమిదిన్నరే" అన్నాడు.

కాబట్టి నువ్వు రావాలి. నిన్ను తల వంచుకుని బయటికి పంపిన గదిలోకే, తల ఎత్తుకుని రావాలి. కింది వీధిలో ఇప్పుడు నూట ఇరవై ఇళ్లున్నాయి. కాదనకు.

నీ పిచ్చిక


మంగళవారం

పిచ్చికా,

నేను ఉత్తరాలు రాసే మనిషిని కాను. రోజుకు రెండు వరుసలు రాసినవాణ్ణి. అయినా ఇది రాయాలి.

నీ మూడో ఉత్తరం తొమ్మిది రోజులు చొక్కాల అడుగున దాచాను. సంతోషం ఎక్కువై కాదు. సిగ్గుతో.

నువ్వు కట్టిన లెక్క తప్పు. నేను నాలుగింటికి బయలుదేరలేదు. వార్డెన్ ఫోన్ పదకొండున్నరకు వచ్చింది, పన్నెండు బస్సుకు ఎక్కాను. వానకు రోడ్డు తెగి బస్సు దారిలో రెండుసార్లు ఆగింది, అందుకే ఆరైంది. నాలుగింటికి నేను ఎక్కడో రోడ్డు మీద ఉన్నాను. నువ్వు దీనికి ఏడవకు. ఆ రోజు కొలబద్ద ఒకవైపు, గడియ పెట్టుకున్న నువ్వు ఒకవైపు. మళ్లీ అలాంటి ఫోన్ వస్తే మళ్లీ అదే బస్సు ఎక్కుతాను. ఇందులో నీ తప్పు ఇసుక రేణువంత కూడా లేదు. ఇది నేను పదహారేళ్ల కిందటే చెప్పాల్సింది. నువ్వు మోస్తున్నావని నాకు తెలియదు.

ఆ వరుస నేను రాయలేదు. మీ పిన్ని రాసింది.

బయలుదేరుతూ ఆమెతో, "నాలుగింటికి వెళ్లి కొలబద్ద చూడు, కనపడిన అంకె మిషనులో వెయ్యి. ఊహించి మాత్రం వెయ్యకు" అన్నాను. నది ఒడ్డు గదిలో ఆ మిషను ఎలా నొక్కాలో ఆమెకు తెలుసు, నా పక్కన కూర్చుని చూసేది. తెల్లారి మనం వచ్చాక, "వెళ్లాను, రాశాను" అంది. తర్వాత విచారణలో నాకు ఖాళీ కాగితం చూపించారు. నేను కాగితాన్ని నమ్మాను. ఉరుములకు భయపడి గడప దాటలేదు, నా మొహం చూడలేక అబద్ధం చెప్పింది అనుకున్నాను. ఉద్యోగంలో లేని మనిషికి పని అప్పగించానని చెబితే ఆమెను కూడా లాగుతారని నోరు మూసుకున్నాను. అది త్యాగం అనుకున్నాను కూడా. ఇంటికి వచ్చి ఆమెతో "సరేలే" అన్నాను. అంతే. ఆ ఒక్క మాటతో ఆమెకు అర్థమైపోయింది, నేను నమ్మలేదని. ఆ తర్వాత మా ఇద్దరి మధ్య ఆ రోజు ఊసు రాలేదు. ఆఫీసు మాట వస్తే ఆమె వంటగదిలోకి వెళ్లేది నా అవమానం చూడలేక కాదు. నా నమ్మకం లేని మొహం చూడలేక.

ఇవాళ అన్నాలు తిన్నాక చెప్పాను. కిటికీ దగ్గర కూర్చుని దిండు గలీబు కుడుతోంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక నీ ఉత్తరం తీసి చదవడం మొదలుపెట్టాను. "కొలబద్ద మునిగిపోయింది" అన్నాను. ఆమె సూది ఆగింది. తల ఎత్తలేదు.

"అంకె ఏం వెయ్యాలో తెలియడం లేదు. కింది వీధి వాళ్లను పైకి రమ్మనండి. తొందరగా" అంది. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. కాగితం నా చేతిలో ఉంది, ఆమె చూడను కూడా లేదు.

వెళ్లి ఆమె ముందు నేల మీద కూర్చున్నాను. "దొరికింది. పిచ్చిక చదివింది" అన్నాను.

"మరి సైరన్ ఎందుకు మోగలేదు? మోగుతుంది, మోగుతుంది అని గుమ్మంలో నిలబడి చూశాను. కిందికి వెళ్దామంటే దారి మునిగిపోయింది. ఎందుకు మోగలేదు?"

యంత్రం అంకె కోసం చూస్తుంది, మాటలు దానికి అర్థం కావు అని చెప్పాను. ఆమె మొహం తెల్లబడింది.

"అయితే తొమ్మిది అని వేసి ఉంటే మోగేదా?"

అబద్ధం చెబుదామనిపించింది పిచ్చికా. కానీ ఆమెతో ఇంకో అబద్ధపు రోజు గడపడం నా వల్ల కాదు. "మోగేది" అన్నాను. "కానీ ఊహించి వెయ్యొద్దని చెప్పినవాణ్ణి నేను. నువ్వు చూసింది చూసినట్టు రాశావు. ఆ రోజు ఆ ఊళ్లో పని సరిగ్గా చేసినదానివి నువ్వొక్కదానివే. తప్పు నాది. నమ్మకపోవడం అంతకంటే పెద్ద తప్పు."

చాలాసేపు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తర్వాత ముక్కు తుడుచుకుని, "ఈ మాట చెప్పడానికి తొమ్మిది రోజులు దాచారా మీరు?" అని తిట్టింది. తిట్టడం మొదలుపెట్టాక ఆపలేదు. పదహారేళ్ల తిట్లు ఒక్క మధ్యాహ్నంలో తిన్నాను. తల మీద నుంచి బస్తా దింపినట్టుంది.

రేపటి బస్సుకు వస్తున్నాం, ఇద్దరం. ఈ ఉత్తరం బస్సు డ్రైవరు చేతికిచ్చి ఈ సాయంత్రమే పంపుతున్నాను, మేం వచ్చేలోగా నువ్వు పెద్దసారుకు చెప్పి ఉంచడానికి. కమిటీ ముందు మాట్లాడేది నేను కాదు. దర్జీకి కూడా చెప్పు, ఎవరి కొలతలు కావాలో.

మీ పిన్ని కాగితం లాక్కుంటోంది. మిగతాది ఆమె రాస్తుంది.

బాబాయి


అమ్మాయ్,

మీ పెద్దసారు అంకె కావాలన్నాడట. రాసుకో.

కొలబద్ద తల, అంటే తొమ్మిది మీటర్ల గీత, మన మిషను గది మెట్లలో అన్నిటికంటే కింది మెట్టుతో సమానంగా ఉండేది. కొలబద్ద కనపడకుండా పోయాక, ఆ మెట్లు లెక్కపెడుతూ కూర్చున్నాను, చేసే పని లేక. మొత్తం పదకొండు. నాలుగున్నరకు రెండు మునిగాయి. అయిదింటికి నాలుగు. అయిదున్నరకు అయిదు. ఆరింటికి ఆరో మెట్టు సగానికి వచ్చి అక్కడ నిలబడిపోయింది. ఆ తర్వాత చీకటి పడింది, కనపడలేదు. కనపడనిది నేను చెప్పను.

ఎవరూ అడగలేదు గనక చెప్పలేదు. ఆ మెట్లు ఇంకా ఉంటే, రేపు మేం వచ్చేలోగా ఒక్కో మెట్టు ఎత్తు కొలిచి ఉంచు. టేపు వంకర పోకుండా పట్టుకో.

పిన్ని